ఇల్లు, ఆట, పిల్లల బుద్ధి: తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఆరేళ్ళలోపు పిల్లలున్న కుటుంబాలతో కొన్నేళ్ళుగా మాట్లాడుతున్నాను. ఊరు మారినా, ఇంటి ఆదాయం మారినా సందేహాలు మాత్రం పెద్దగా మారవు. రేణిగుంటలో విన్న ప్రశ్నే పలమనేరులోనూ వినబడుతుంది. అందుకే వాటిని అడిగినవారి మాటల్లోనే, పిల్లల వయసును బట్టి ఇక్కడ చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు.

## పుట్టినప్పటి నుంచి ఏడాది వరకు

నెలల బిడ్డకు ఏం అర్థమవుతుందని మాట్లాడమంటారు? గోడతో మాట్లాడినట్టు ఉంటుంది.

మాటకు అర్థం తెలియకపోయినా, మాటలోని ధ్వనులను బిడ్డ మొదటి నెలల నుంచే వేరుచేసి వింటుంది. దీని మీద మన చెవికి బాగా అందే పరిశోధన ఒకటుంది. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే శాస్త్రవేత్తలు, ఇంగ్లిష్ మాత్రమే మాట్లాడే ఇళ్ళలోని శిశువులకు హిందీలోని 'త', 'ట' ధ్వనులను వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ తేడాను పట్టుకున్నారు. పది, పన్నెండు నెలల పిల్లలలో ఆ శక్తి చాలావరకు తగ్గిపోయింది, ఎందుకంటే వారి ఇంట్లో ఆ తేడా ఎన్నడూ వినబడలేదు. 'తాత' అనీ 'టెంకాయ' అనీ రోజూ వినే మన బిడ్డకు అది నిలిచిపోతుంది. అంటే ఏ ధ్వనులను ఉంచుకోవాలో, వేటిని వదిలేయాలో బిడ్డ మెదడు మొదటి ఏడాదిలోనే ఇంటి మాటలను బట్టి తేల్చుకుంటోందన్నమాట.

కాబట్టి నీళ్ళు పోసేటప్పుడు "ఇదిగో చెయ్యి, ఇదిగో కాలు, నీళ్ళు చల్లగా ఉన్నాయా?" అని పలకరించడం వృథా మాట కాదు. అయితే ఏకధాటిగా మాట్లాడడం కన్నా వంతులు ముఖ్యం. మీరు ఒక మాట అని ఆగండి. బిడ్డ "ఊ" అంటుంది. ఆ "ఊ"కు మళ్ళీ మీరు బదులు పలకండి. మన అవ్వలు "ఊ కొట్టించడం" అనేది దీన్నే.

ఫోన్‌లో పాటలు, బొమ్మల వీడియోలు పెడితే మాటలు తొందరగా వస్తాయా?

రావు. 2003లో అమెరికాలోని సియాటిల్‌లో పట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల పిల్లలకు పన్నెండు విడతలుగా చైనా భాష వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడినప్పుడు పిల్లలు ఆ భాషలోని ధ్వనులను నేర్చుకున్నారు. అవే మాటలను టీవీలో చూపినప్పుడు వారికి ఏమీ పట్టుబడలేదు. తెర బిడ్డ ముఖం చూడదు, బిడ్డ చూసిన వైపు చూడదు, బిడ్డ ఆగినప్పుడు ఆగదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏడాదిలోపు పిల్లలకు తెర అసలు వద్దు, రెండేళ్ళు నిండేదాకా కూడా మంచిది కాదు, రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంట మించకూడదు. కువైట్‌లో ఉన్న నాన్నతో రాత్రి పూట చేసే వీడియోకాల్‌ను మాత్రం నేను ఈ లెక్కలో వేయను. అవతల బదులు పలికే మనిషి ఉన్నాడు.

వాకర్ కొనకపోతే నడక ఆలస్యమవుతుందని అంటున్నారు, నిజమా?

నిజం కాదు. చక్రాల వాకర్‌లో వేలాడే బిడ్డకు తన బరువును తాను ఆపుకోవడం అలవాటు కాదు కాబట్టి నడక కొంత ఆలస్యం కావచ్చు కూడా. పైగా మిద్దె మెట్ల మీదికీ పొయ్యి దగ్గరికీ క్షణంలో దూసుకుపోతుంది. ఈ ప్రమాదాల కారణంగానే కెనడా 2004లో వాటి అమ్మకాన్ని నిషేధించింది. ఆ డబ్బుతో ఒక మంచి చాప కొనండి. నేల మీద బోర్లాపడి, పాకి, అందని గిన్నెను అందుకోవడానికి దారి వెతుక్కునే బిడ్డ దూరం, అడ్డు, ఎత్తు అనేవాటిని ఒంటితోనే నేర్చుకుంటుంది. పాతకాలపు మూడు చక్రాల చెక్క నడకబండి వేరు: దాన్ని పట్టుకుని తన కాళ్ళ మీద తాను నిలబడాలి. చదునైన నేల మీద, పెద్దవాళ్ళు పక్కన ఉన్నప్పుడు అది ఫర్వాలేదు.

ఇచ్చిన గ్లాసును ఇచ్చినట్టే కింద పడేస్తుంది. కావాలనే సతాయిస్తోందా?

కావాలనే పడేస్తోంది, కానీ సతాయించడానికి కాదు. స్టీలు గ్లాసు ఖంగుమంటుంది, తువ్వాలు చప్పుడు చేయదు, బంతి దొర్లిపోతుంది, అమ్మ ప్రతిసారీ వంగి తీస్తుంది: ఇవన్నీ బిడ్డ పరీక్షించి చూస్తున్న సంగతులు. సుమారు ఎనిమిది నెలల వయసులో, కంటికి కనబడకుండా పోయిన వస్తువు లేకుండా పోలేదని గ్రహించి దానికోసం వెతకడం మొదలవుతుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జాన్ పియాజే తన ముగ్గురు పిల్లల ఆటలను రోజూ రాసిపెట్టుకుని ఈ విషయాన్ని వివరించాడు. మీ నడుము నొప్పి పెడితే గ్లాసు తీసేసి గుడ్డ బంతి ఇవ్వండి.

## ఏడాది నుంచి మూడేళ్ళ వరకు

తెలివి పెంచే బొమ్మలని వేలకు వేలు చెబుతున్నారు. కొనే స్తోమత లేదు. మా బిడ్డ వెనకబడిపోతుందా?

నన్ను ఎక్కువగా బాధపెట్టే ప్రశ్న ఇది, ఎందుకంటే దీన్ని అడిగేవారి ఇళ్ళలో కావలసినవన్నీ అప్పటికే ఉంటాయి.

1986లో జమైకాలో ఒక అధ్యయనం మొదలైంది. వయసుకు తగిన ఎత్తు పెరగని 129 మంది పేద పిల్లలను, తొమ్మిది నుంచి ఇరవై నాలుగు నెలల వయసువారిని, ఎంచుకున్నారు. వారిలో కొందరి ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒకసారి వెళ్ళి, గంటసేపు తల్లీబిడ్డల చేత ఆటలాడించారు, ఎలా మాట్లాడాలో తల్లికి చూపించారు. తీసుకెళ్ళినవి ఇంట్లో పారేసే వస్తువులతో చేసిన బొమ్మలే. ఇలా రెండేళ్ళు సాగింది. సుమారు ఇరవై ఏళ్ళ తరువాత చూస్తే, ఆ పిల్లల సంపాదన అటువంటి సాయం అందని పిల్లల సంపాదన కన్నా 25 శాతం ఎక్కువగా ఉంది. ఆ ఫలితం బొమ్మ ఖరీదు వల్ల రాలేదు. బొమ్మ పట్టుకుని బిడ్డ ఎదురుగా కూర్చున్న మనిషి వల్ల వచ్చింది.

మీ వంటింట్లో ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెలున్నాయి. మూతలున్నాయి, ఏ మూత ఏ డబ్బాకు సరిపోతుందో వెతకడం రెండేళ్ళ బిడ్డకు అరగంట పని. చేట, జల్లెడ, గరిటెలు, ఖాళీ కొబ్బరిచిప్పలు, పాత చీర ముక్కలు ఉన్నాయి. మొన్న చంద్రగిరి దగ్గర ఒక ఇంట్లో రెండున్నరేళ్ళ పాప పెద్ద కొబ్బరిచిప్పతో బకెట్లోంచి నీళ్ళు ముంచి చిన్న చిప్పలో పోస్తూ కూర్చుంది. నీళ్ళు పొర్లిపోయిన ప్రతిసారీ చిప్పలోకి తొంగి చూసి, అవ్వ ముఖం చూసేది. అవ్వ "అది చిన్నది, దాంట్లో పట్టవు" అనేది. నాలుగోసారికి పాప పెద్ద చిప్పను సగమే ముంచింది. (బకెట్ దగ్గర మాత్రం బిడ్డను ఒంటరిగా వదలకండి.)

కొనదలచుకుంటే, ఆటవస్తువులకు 2021 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది కాబట్టి అంగట్లో అది చూసి కొనండి. రంగు పెచ్చులూడే బొమ్మలు నోట్లో పెట్టుకునే పిల్లలకు వద్దు. కొన్ని రంగుల్లో ఉండే సీసం మెదడుకు హాని చేస్తుంది.

చెనక్కాయలు, చింతగింజలతో ఆడించవచ్చా? మేమంతా వాటితోనే పెరిగాం.

మూడేళ్ళు దాటి, వస్తువులను నోట్లో పెట్టుకునే అలవాటు పూర్తిగా పోయేదాకా వద్దు. చెనగ్గింజ ఊపిరితిత్తుల్లోకి జారి ఆసుపత్రికి వచ్చే చిన్నపిల్లలను డాక్టర్లు తరచుగా చూస్తుంటారు. అప్పటివరకు బిడ్డ గుప్పిట్లో పట్టని పెద్ద వస్తువులే ఇవ్వండి. ఆ తరువాత చింతగింజలను మించిన లెక్కల సామాను లేదు.

ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లిష్. బిడ్డ తికమకపడదా? ఒకటే మాట్లాడమంటారా?

నగరిలో, కుప్పంలో, చిత్తూరు టౌనులో ఈ ప్రశ్న లేని సమావేశం ఉండదు. తికమకపడదు. రెండు మూడు భాషలు వింటూ పెరిగే పిల్లలు కూడా ఒకే భాష వినే పిల్లల మాదిరిగానే ఏడాది వయసుకు అటూ ఇటూగా మొదటి మాట, రెండేళ్ళకు రెండు మాటల వాక్యం పలుకుతారు. ఒక్కొక్క భాషలో మాటలు తక్కువగా కనబడవచ్చు, కానీ 'తణ్ణి' (తమిళంలో నీళ్ళు), 'పాలు', 'బాల్' మూడూ మూడు మాటలే. అన్ని భాషల మాటలనూ కలిపి లెక్కపెట్టాలి. ఒకే వాక్యంలో రెండు భాషలు కలపడం కూడా గందరగోళానికి గుర్తు కాదు, పెద్దవాళ్ళం మనమూ రోజంతా చేస్తున్నదే.

బడి కోసమని, సరిగా రాని ఇంగ్లిష్‌లో "ఈట్, సిట్, కమ్" అని మాత్రమే మాట్లాడే ఇళ్ళను చూస్తే నాకు దిగులు వేస్తుంది. కథ చెప్పడానికి, బుజ్జగించడానికి, 'ఎందుకు' అన్న ప్రశ్నకు బదులివ్వడానికి మీకు ఏ భాష ధారాళంగా వస్తుందో ఆ భాషలోనే మాట్లాడండి.

రెండేళ్ళు నిండుతున్నా మాటలు రాలేదు. వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయట, ఆగమంటున్నారు. ఆగవచ్చా?

ఆగవద్దు, చూపించండి. ఏడాదిన్నరకు కూడా ఒక్క మాట రాకపోయినా, వేలితో చూపించి అడగకపోయినా, రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా పిల్లల డాక్టరును కలవాలి. వచ్చిన మాటలు పోవడం ఏ వయసులోనైనా వెంటనే చూపించవలసిన లక్షణం. మొదట చెవి పరీక్ష చేయించండి. సరిగా వినబడని బిడ్డను మొండి అనుకుని తిట్టిన ఇళ్ళు నాకు తెలుసు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేస్తారు, అవసరమైతే పై ఆసుపత్రికి పంపుతారు. చాలామంది పిల్లలు ఆ తరువాత మామూలుగానే మాట్లాడతారు. అయితే సాయం అవసరమైన బిడ్డకు ఆరు నెలలు ముందు అందడం చాలా పెద్ద తేడా.

తిండికీ తెలివికీ సంబంధం ఉందా?

ఉంది, ముఖ్యంగా ఇనుముతో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలలో 67.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఇనుము తక్కువైన బిడ్డ నీరసంగా, ఆట మీద ఆసక్తి లేకుండా ఉంటుంది. ఆడని బిడ్డ నేర్చుకునేదీ తక్కువే. సంగటిలోకి ఆకుకూర పప్పు, గుడ్డు, తినేవారైతే మాంసం, పైన కాస్త నిమ్మరసమో జామపండో పెట్టండి. అన్నంతో పాటు టీ ఇచ్చే అలవాటు మానండి, అది ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. అంగన్‌వాడీలో, ఆశా కార్యకర్తల దగ్గర ఇచ్చే ఐరన్ సిరప్‌ను వారానికి రెండుసార్లు వారు చెప్పిన మోతాదులో వేయండి.

## మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ వరకు

ప్లేస్కూల్‌లో రోజంతా ఆడిస్తున్నారు, అక్షరాలు నేర్పడం లేదు. ఫీజు దండగేనా?

నిజంగా ఆడిస్తూ ఉంటే మీ అదృష్టం. 2020 జాతీయ విద్యా విధానం మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళలోపే జరుగుతుందని చెబుతూ, మూడు నుంచి ఎనిమిదేళ్ళ దశకు ఆట ద్వారా చదువునే సూచించింది. దాని ఆధారంగా 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం, మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు పాఠ్యపుస్తకాలు వద్దన్నది. 1975లో మొదలైన అంగన్‌వాడీలు కథ, ఆట, పాటలతో చేయవలసిన పని కూడా ఇదే. ఫీజు లేనంతమాత్రాన అవి తక్కువవి కావు. మీ ఊరి అంగన్‌వాడీలో ఒక గంట కూర్చుని చూసి నిర్ణయించుకోండి.

మా అబ్బాయికి నాలుగేళ్ళప్పుడు ఒక బడిలో 'అ'ను పలక నిండా రోజూ రాయించారు. నెల తిరిగేసరికి బలపం చూస్తే చేతులు వీపు వెనక దాచుకునేవాడు. బడి మార్చాక ఆ బెదురు పోవడానికి మరో ఏడాది పట్టింది.

మరి రాత ఎప్పుడు మొదలుపెట్టాలి?

చేతి వేళ్ళు సిద్ధమైన తరువాత. వేళ్ళు సిద్ధమయ్యేది పిండి పిసకడం, చిక్కుడుకాయ ఈనెలు తీయడం, పూలు గుచ్చడం, బట్టల క్లిప్పులు నొక్కడం వంటి పనులతోనే. మన ఇళ్ళలో వీటన్నిటినీ మించిన సాధనం ముగ్గు. వాకిట్లో అవ్వ పక్కన కూర్చున్న నాలుగేళ్ళ పాపకు చిటికెడు పిండి ఇచ్చి చూడండి: బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండిని పట్టి, జారవిడిచే వేగాన్ని అదుపు చేసుకుంటూ, చుక్కకు చుక్కకు మధ్య సమదూరం చూసుకుంటూ, గీత ఏ చుక్కను చుట్టి వెళ్ళాలో గుర్తుంచుకుంటూ పని చేయాలి. మొదటి రోజు పిండి ఒకేచోట కుప్పగా పడుతుంది. వారం గడిచాక మూడు చుక్కలు వరుసలో నిలుస్తాయి. మగపిల్లలను ఈ పని నుంచి తరిమేయకండి, వాళ్ళ వేళ్ళకూ ఇదే అవసరం. అక్షరాలకు అయిదేళ్ళు దాటాక తొందరపడినా చాలు.

లెక్కలు ఆటతో వస్తాయంటే నమ్మకం కుదరడం లేదు.

2008లో అమెరికాలో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి పేద కుటుంబాల బాలవాడి పిల్లల చేత ఒకటి నుంచి పది వరకు అంకెలున్న గళ్ళ పలక మీద ఆడించారు. రెండు వారాల్లో నాలుగుసార్లు, ఒక్కోసారి పావుగంట. అంతమాత్రానికే అంకెలను పోల్చడంలో, వాటి పరిమాణాన్ని అంచనా వేయడంలో ఆ పిల్లలు మెరుగుపడ్డారు. అంకెలకు బదులు రంగుల గళ్ళ మీద ఆడినవారిలో ఆ మార్పు రాలేదు.

మన వైకుంఠపాళిలో అంకెల గళ్ళు ఉన్నాయి. కిటుకు ఒకటే: కాయను జరిపేటప్పుడు "ఒకటి, రెండు, మూడు" అనకుండా, గడిలో ఉన్న అంకెనే చదివించండి. పదిహేనులో ఉండి మూడు పడితే "పదహారు, పదిహేడు, పద్దెనిమిది" అనాలి. వామనగుంటలలో ఒక్కో గుంటలో ఒక్కో గింజ వదలడం, చివరి గింజ ఎక్కడ ఆగుతుందో ముందే ఊహించడం అయిదేళ్ళ బిడ్డకు తగిన పని. పులి-మేక మాత్రం ఇంకొంచెం పెద్దయ్యాక. ఎదుటివాడి ఎత్తును ముందుగా చూడగల ఓపిక ఈ వయసులో ఉండదు.

బొమ్మకు అన్నం పెడుతూ, తనలో తాను మాట్లాడుకుంటాడు. బాగానే ఉన్నాడా?

చాలా బాగున్నాడు. ఇలాంటి స్వగతాన్ని రష్యాకు చెందిన మనస్తత్వవేత్త లెవ్ విగోట్‌స్కీ పిల్లల ఆలోచనకు పనిముట్టుగా చూశాడు: బయటికి పలికే ఆ మాటలే క్రమంగా లోపలికి వెళ్ళి ఆలోచనగా మారతాయని అతని వాదం. ఊహతో ఆడే ఆటలో నియమాలు కూడా ఉంటాయి. గంగ జాతర అయిన వారం రోజుల పాటు తిరుపతి సందుల్లో పిల్లలు ముఖానికి విభూతి పూసుకుని, వేపమండ పట్టుకుని వేషాలు ఆడతారు. ఆ వేషంలో ఉన్నవాడు నవ్వకూడదు, తోటివాడు దండం పెట్టాలి. నవ్వు వస్తున్నా బిగబట్టుకోవడం నాలుగేళ్ళవాడికి మాటలా? తనను తాను అదుపు చేసుకోవడం వాడు నేర్చుకునేది అక్కడే.

అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, వీధిలో బండ్లు. ఎక్కడ ఆడిస్తాం?

మూడు, నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు మూడు గంటల కదలిక అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, కానీ అదంతా ఒకేసారి కానక్కరలేదు. పిట్టగోడ ఎత్తుగా ఉంటే సాయంత్రం మిద్దె మీద, పెద్దవాళ్ళు పక్కన ఉండగా తొక్కుడుబిళ్ళ, ఇంట్లో దాగుడుమూతలు, ఆదివారం అలిపిరి దగ్గరి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రమో జూ పార్కో సరిపోతాయి.

దర్శనం క్యూలో, బస్సులో ఫోన్ ఇవ్వకపోతే ఊరుకోడు. ఏం చేయాలి?

నోటితో ఆడే ఆటలు కొన్ని అలవాటు చేయండి. "నేనొకటి చూశాను, గుండ్రంగా ఉంది, పైన వేలాడుతోంది, ఏమిటది?" అని అడగండి; తరువాత వాడి చేత మిమ్మల్ని అడిగించండి. 'క'తో మొదలయ్యే మాటలు చెప్పుకోండి. నడిచి వెళ్ళేవారైతే అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లున్నాయి, పదేసి చొప్పున లెక్కపెట్టుకుంటూ ఎక్కవచ్చు. మొదటి రెండుసార్లు ఫోన్ కోసం ఏడుస్తాడు. ఇంట్లో సాధన చేయని ఆట క్యూలో పని చేయదు, కాబట్టి ముందే మొదలుపెట్టండి.

రాత్రి పదకొండుకు గానీ పడుకోదు. చదువు మీద ప్రభావం ఉంటుందా?

ఉంటుంది. మూడు, నాలుగేళ్ళ పిల్లలకు పగటి నిద్రతో కలిపి పది నుంచి పదమూడు గంటల నిద్ర కావాలి. పగలు నేర్చుకున్నది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. ఇంట్లో టీవీ మోగుతూ ఉంటే బిడ్డను మాత్రం పడుకోమనడం కుదరదు.

కొడితేగాని మాట వినడు. మేమూ దెబ్బలు తినే కదా చదువుకున్నాం?

దెబ్బకు బిడ్డ ఆ క్షణంలో ఆగుతాడు, కానీ ఎందుకు ఆగాలో నేర్చుకోడు. భయపడిన మెదడు తప్పించుకునే దారి మీదే ధ్యాస పెడుతుంది. బడిలో కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. ఇంట్లో అదే పని చేయడానికి అర్థం లేదు. "గోడ మీద గీయవద్దు" అనడానికి బదులు "ఇదిగో పలక, దీని మీద గీయి" అని చేతికి ఇవ్వండి. రోజుకు ఇరవైసార్లు చెప్పాల్సి వస్తుంది. నాలుగేళ్ళ వయసంటే అంతే.

ఇద్దరం ఉద్యోగాలకు పోతాం. బిడ్డ అవ్వాతాతల దగ్గరే ఉంటుంది. మాకు దొరికేది రాత్రి అరగంట. ఏం చేయగలం?

అవ్వాతాతలు కథ చెబుతూ, తోటకూర తుంచిస్తూ, గుడికి వెంట తీసుకెళ్తూ ఉంటే బిడ్డకు లోటేమీ లేదు. మీ అరగంటను పాఠాలకు ఖర్చు చేయకండి. మీరు ఎలాగూ చేయవలసిన పనిలో బిడ్డకు ఒక వాటా ఇవ్వండి: ఉతికిన బట్టలు మడిచేటప్పుడు సాక్సులకు జత వెతకడం, కంచాలు పెట్టేటప్పుడు మనుషులను లెక్కపెట్టడం, దోసె పిండిలో ఉప్పు వేయడం. "ఈ రోజు ఏం చేశావు?" అని అడిగితే చాలామంది పిల్లలు "ఏం లేదు" అంటారు. "అవ్వ ఈ రోజు ఎవరి మీద కోప్పడింది?" అని అడిగి చూడండి, అన్నం చల్లారేదాకా చెబుతూనే ఉంటారు.